అమెరికాలో చక్రాల మీద ఇల్లు.. చిన్నపిల్లలున్న వారు కొనే ముందు చూడవలసినవి
* బంకు మంచాల ట్రైలర్ల వైపు తెలుగు కుటుంబాల చూపు
* పడకల సంఖ్య కన్నా బరువు లెక్కే ముఖ్యం
* తాతయ్య, నానమ్మలకు చోటుందో లేదో ముందే తేల్చుకోవాలి

తెనాలి గ్రామీణ: వేసవి వచ్చిందంటే అమెరికాలోని పిల్లల వద్దకు ప్రయాణమయ్యే తల్లిదండ్రులు మన ప్రాంతంలో ఊరూరా కనిపిస్తారు. అక్కడికి చేరిన తరువాత జాతీయ పార్కులు, సరస్సులు, కొండలు చూపించేందుకు కుమారుడో, కుమార్తెనో సెలవులు పెట్టుకోవడం ఆనవాయితీ. హోటళ్లలో గదులు తీసుకోవడానికి బదులు, కారు వెనుక లాగుకుపోయే ఇంటిని కొనుక్కుంటే మేలు కదా అన్న ఆలోచన ఇప్పుడు అక్కడి తెలుగు కుటుంబాలలోనూ వినిపిస్తోంది. దీనినే ట్రావెల్ ట్రైలర్ అంటారు. పిల్లల కోసం రైలు బెర్తుల మాదిరిగా ఒకదానిపై ఒకటి పడకలు అమర్చిన రకానికి బంక్‌హౌస్ అని పేరు.

మండలానికి చెందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుని అనుభవం ఈ వ్యాసానికి కారణమైంది. టెక్సాస్‌లో ఉంటున్న ఆయన కుమారుడు పదిమంది పడుకోవచ్చని చెప్పిన పెద్ద ట్రైలర్‌కు బయానా ఇచ్చేందుకు సిద్ధపడ్డారు. ఇద్దరు పిల్లలు, భార్యాభర్తలు, వచ్చి వెళ్లే తల్లిదండ్రులు.. మొత్తం ఆరుగురే కదా అనుకున్నారు. తీరా తన వాహనం తలుపు అంచున అంటించిన చీటీ చూసి లెక్క వేస్తే, తల్లిదండ్రులు ఎక్కితే వాహనం మోయవలసిన పరిమితి దాటిపోతుందని తేలింది. ట్రైలర్‌లో వారికి పడక ఉంది, లాగే వాహనంలో మాత్రం వారి బరువుకు చోటు లేదు. బయానా ఆగిపోయింది. ఇటువంటి పొరపాటు జరగకుండా ఏమేమి చూసుకోవాలో వివరించడమే ఈ కథనం ఉద్దేశం.

బంక్‌హౌస్ అంటే..

ట్రాక్టరుకు ట్రాలీ తగిలించినట్లే, పికప్ ట్రక్కు లేదా పెద్ద ఎస్‌యూవీ వెనుక కొక్కానికి తగిలించి లాగే చక్రాల ఇల్లు ఇది. సొంత ఇంజిన్ ఉండదు. లోపల వంటగట్టు, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, మరుగుదొడ్డి, స్నానపు గది, భోజనపు బల్ల, పడకలు ఉంటాయి. సాధారణంగా ముందు భాగంలో దంపతుల పడక, వెనుక మూలన పిల్లల బంకులు, నడుమ వంటిల్లు, కూర్చునే చోటు ఉంటాయి. భోజనపు బల్లను దించి మరో పడకగా మార్చుకోవచ్చు.

వీటి తయారీకి ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ పరిసరాలు ప్రసిద్ధి. 1968లో ప్రారంభమైన జేకో సంస్థ ఆ సమీపంలోని మిడిల్‌బరీలో ఉంది. ఫారెస్ట్ రివర్ సంస్థను 2005లో వారెన్ బఫెట్‌కు చెందిన బెర్క్‌షైర్ హాత్‌వే కొనుగోలు చేసింది. కరోనా కాలంలో విమానాలు, హోటళ్లకు జనం దూరం కావడంతో వీటికి గిరాకీ విపరీతంగా పెరిగింది. 2021లో అన్ని రకాల విహార వాహనాలూ కలిపి 6 లక్షలకు పైగా కర్మాగారాల నుంచి బయటకు వచ్చాయి. 2023 నాటికి ఆ సంఖ్య సుమారు 3.13 లక్షలకు పడిపోయింది. ఆనాడు ఉత్సాహంగా కొని, ఒకటి రెండు సార్లు వాడి మూలన పెట్టినవి తరువాత పాత బండ్ల సంతకు చేరాయి.

కాడి మీద బరువు గుర్తుందా?

ఎడ్లబండి తోలిన వారికి ఈ విషయం చెప్పనవసరం లేదు. బరువు ముందుకు వేస్తే కాడి ఎద్దుల మెడపై పడుతుంది. వెనక్కు వేస్తే నొగలు పైకి లేచి బండి అదుపు తప్పుతుంది. ట్రైలర్‌కు కూడా ఇదే సూత్రం. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందున్న కొక్కంపై పడాలి. అంతకన్నా తక్కువైతే రహదారిపై ట్రైలర్ తోక ఊపినట్లు అటూ ఇటూ ఊగుతుంది. ఎక్కువైతే లాగే వాహనం వెనుక భాగం కుంగి, ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది.

కొక్కంపై పడే ఈ బరువును లాగే వాహనమే మోయాలి. మనుషుల బరువు, సామాను బరువు, కొక్కం బరువు, ట్రైలర్ మోపే బరువు.. ఇవన్నీ కలిపి వాహనం మోయగల పరిమితిని పేలోడ్ అంటారు. డ్రైవరు తలుపు తెరిస్తే అంచున కనిపించే చీటీపై, మనుషులు, సామాను కలిపి ఇంత బరువుకు మించరాదని ముద్రించి ఉంటుంది. ‘ఈ వాహనం 11 వేల పౌండ్లు లాగగలదు’ అన్న ప్రకటన చూసి మురిసిపోయే వారు ఈ చీటీని చూడడం మరచిపోతారు. లాగగల శక్తి వేరు, మోయగల శక్తి వేరు. ఒకే పేరుతో అమ్మే వాహనాలలో కూడా అమర్చిన సదుపాయాలను బట్టి చీటీపై అంకె మారుతుంది. అందువల్ల పక్కింటివారి వాహనం లెక్క మన వాహనానికి పనికిరాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. సామానుతో సహా 7,000 పౌండ్లు (సుమారు 3,175 కిలోలు) తూగే ట్రైలర్ అనుకుందాం. అందులో 12.5 శాతం, అంటే 875 పౌండ్లు కొక్కంపై పడతాయి. కొక్కం సామగ్రి 100 పౌండ్లు. భార్యాభర్తలు 320, కారు సీట్లతో ఇద్దరు పిల్లలు 120. మొత్తం 1,415 పౌండ్లు. వాహనం చీటీపై 1,600 అని ఉంటే ఇంకా 185 పౌండ్ల వెసులుబాటు ఉన్నట్లే. ఇప్పుడు తాతయ్య, నానమ్మ ఎక్కారు. వారిద్దరివి 280 పౌండ్లు. లెక్క 1,695కు చేరింది. పరిమితి దాటిపోయింది. డిక్కీలో ఒక్క పెట్టె కూడా పెట్టకముందే ఈ పరిస్థితి.

కాబట్టి ముందు ట్రైలర్ నచ్చి తరువాత వాహనం వెతుక్కోవడం కాక, ఉన్న వాహనం చీటీ చూసి దానికి తగిన ట్రైలర్ ఎంచుకోవడం క్షేమం. తల్లిదండ్రులతో కలిసి తిరగాలనుకుంటే వారి బరువును కూడా మొదటి రోజే లెక్కలో వేయాలి. లేదా వారిని వేరే కారులో తీసుకువెళ్లే ఏర్పాటు చేసుకోవాలి. ట్రైలర్‌లోనే కూర్చోబెడదామనుకోవడం సరికాదు. ప్రయాణంలో ట్రైలర్ లోపల మనుషులు ఉండడాన్ని అత్యధిక రాష్ట్రాలలో చట్టం ఒప్పదు. అందులో సీటు బెల్టులు ఉండవు. పిల్లలు నిద్రపోతున్నారు కదా అని బంకుల్లో వదిలి బండి కదిలించడం ప్రాణాలతో చెలగాటమే.

ఇంట్లో ఉన్న వ్యాను సరిపోతుందా?

మనవారు ఎక్కువగా వాడే హోండా ఒడిస్సీ, టయోటా సియెన్నా వ్యాన్లు గరిష్ఠంగా 3,500 పౌండ్ల వరకే లాగగలవు. టయోటా హైలాండర్ వంటివి తగిన సదుపాయాలుంటే 5,000 పౌండ్ల వరకు లాగుతాయి. ఇరవై ఆరు నుంచి ముప్ఫై అడుగుల బంక్‌హౌస్‌లు ఖాళీగానే 5,000 నుంచి 6,500 పౌండ్ల వరకు తూగుతాయి. నీరు, గ్యాస్, బట్టలు, వంట సామాను చేరితే మరో వెయ్యి పౌండ్లు సులభంగా పెరుగుతాయి. ఒక గాలన్ నీరు 8.3 పౌండ్లు. నలభై గాలన్ల తొట్టె నింపితే ఒక్క నీటి బరువే 330 పౌండ్లు. అందుకే దిగే చోట నీటి కుళాయి ఉంటే తొట్టె నింపకుండా వెళ్లడం మంచిది.

రెండు బంకులతో 3,000 నుంచి 4,000 పౌండ్ల లోపు తూగే చిన్న ట్రైలర్లు కూడా ఉన్నాయి. వీటిని మధ్యతరహా ఎస్‌యూవీలు లాగగలవు. వ్యాన్లకు మాత్రం వీటిలో చాలావరకు సామాను వేసేసరికి బరువు మించిపోతాయి. అంకెలు చూసేటప్పుడు ‘ఖాళీ బరువు’ చూడరాదు. సామానుతో సహా ట్రైలర్ తూగగల గరిష్ఠ బరువును చూసి, దానికి వాహనం తగునా అని ఆలోచించాలి.

చాలా రాష్ట్రాలలో 3,000 పౌండ్లు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు తప్పనిసరి. వాటిని డ్రైవరు వద్ద నుంచి నడిపే బ్రేక్ కంట్రోలర్, బరువును అన్ని ఇరుసులకూ పంచే కొక్కం, ఊగుడును అదుపు చేసే పరికరం అదనంగా కొనవలసి ఉంటుంది. ట్రైలర్ టైర్లలో అనేకం గంటకు 65 మైళ్ల (సుమారు 105 కి.మీ.) వేగానికే ఉద్దేశించినవి. కాలిఫోర్నియాలో ఏదైనా లాగుతూ వెళ్లే వాహనానికి వేగ పరిమితి 55 మైళ్లే.

పిల్లల పడకలు: ఎవరికి పైన, ఎవరికి కింద

ఆరేళ్ల లోపు పిల్లలను పై బంకుపై పడుకోబెట్టవద్దని అమెరికాలో వైద్యులు, భద్రతా సంస్థలు ఏళ్ల తరబడి హెచ్చరిస్తున్నాయి. అక్కడ ఇళ్లలో వాడే బంకు మంచాలకు పై పడక చుట్టూ అడ్డుకమ్మీ ఉండాలి. ఆ కమ్మీ పరుపు పైభాగం కన్నా కనీసం 5 అంగుళాల ఎత్తున ఉండాలి. పిల్లల శరీరం జారి ఇరుక్కుపోయేందుకు వీలులేకుండా సందులు మూడున్నర అంగుళాలకు మించరాదు. ట్రైలర్ చూసేందుకు వెళ్లినప్పుడు కొలబద్ద తీసుకువెళ్లి ఇవే కొలతలు సరిచూసుకోవడం మంచిది. ట్రైలర్లలో కమ్మీలు పొట్టిగా ఉండడం కద్దు. పరుపు పలుచగా ఉందని మందపాటిది వేస్తే కమ్మీ ఇంకా పొట్టిదవుతుంది. అటువంటప్పుడు గట్టి వల కట్టించుకోవాలి.

ప్రతి బంకుకూ బరువు పరిమితి ఉంటుంది. కొన్నింటికి 150 పౌండ్లు, మరికొన్నింటికి 300 పౌండ్లు ఉండవచ్చు. దాని చీటీ బంకు వద్దనే అంటించి ఉంటుంది. ఒంటరి బంకు వెడల్పు సుమారు 28 నుంచి 30 అంగుళాలు. మన స్లీపర్ బోగీ బెర్తు కన్నా కాస్త వెడల్పు. నాలుగేళ్ల పిల్లవానికి చక్కగా సరిపోతుంది. పద్నాలుగేళ్లకు ఇరుకవుతుంది. ట్రైలర్‌ను పదేళ్లు వాడదలచిన వారు పిల్లల నేటి వయసుతో పాటు రేపటి పొడవును కూడా దృష్టిలో పెట్టుకోవాలి.

ఇద్దరు పడుకునేంత వెడల్పు బంకులు ఒకదానిపై ఒకటి ఉన్న రకం తాతయ్య, నానమ్మలు వచ్చే ఇళ్లకు అనువు. కింది బంకులో పెద్దవారు, పై బంకులో పెద్ద పిల్లవాడు పడుకోవచ్చు. పసిబిడ్డ ఉంటే, మడిచి పెట్టుకునే ఊయల తొట్టి ఎక్కడ పడుతుందో అక్కడికక్కడే పరచి చూడాలి. బంకుల గదికి తలుపు ఉంటే పిల్లలు తొందరగా నిద్రపోయాక పెద్దలు మాట్లాడుకోవచ్చు. అయితే పసివారి ఏడుపు వినిపించాలంటే తెర ఉన్నదే మేలు.

బంకుల దగ్గర అత్యవసరంగా బయటపడే కిటికీ ఉందో లేదో తప్పక చూడాలి. ఎర్రటి పిడి ఉన్న కిటికీలు ఇందుకోసమే. వంటిల్లు నడుమ ఉండడం వల్ల, మంటలు లేస్తే వెనుక పడుకున్న పిల్లలు తలుపు వద్దకు రాలేకపోవచ్చు. మొదటి రోజే ఆ కిటికీ తీయడం పెద్ద పిల్లలకు నేర్పించాలి.

గోడ లోపలికి జరిపితే దారి ఉంటుందా?

పెద్ద ట్రైలర్లలో ఒక పక్క గోడ బయటకు జరిగే ఏర్పాటు ఉంటుంది. దీనిని స్లైడ్ అవుట్ అంటారు. ఆగిన చోట మీట నొక్కితే సోఫా, భోజనపు బల్లతో సహా గోడ బయటకు జరిగి లోపల హాలంత చోటు ఏర్పడుతుంది. అమ్మేవారు ఎప్పుడూ గోడ బయటకు జరిపే చూపిస్తారు. కొనేవారు దానిని లోపలికి జరిపించి, అప్పుడు మరుగుదొడ్డికి, ఫ్రిజ్‌కు, బంకులకు దారి ఉందో లేదో నడిచి చూడాలి. దారిలో ఆగి బిడ్డకు బట్ట మార్చాలన్నా, పెరుగన్నం తినిపించాలన్నా, పెద్దవారు మరుగుదొడ్డికి వెళ్లాలన్నా ఈ దారే ఆధారం. దారి మూసుకుపోయే నమూనా పిల్లలున్న ఇంటికి పనికిరాదు.

మెట్లు కూడా ఎక్కి చూడాలి. మోకాళ్ల నొప్పులున్న వారికి మడత మెట్ల కన్నా నేలపై ఆనే గట్టి మెట్లు, పట్టుకునేందుకు పెద్ద పిడి ఉన్నవి మేలు. పిల్లలున్న వారు స్నానపు గదిలో చిన్న తొట్టె ఉన్న నమూనాను కోరుకుంటారు. వేడినీటి తొట్టె ఆరు గాలన్లదైతే ఒకరి తరువాత ఒకరికి నీళ్లు కాగే దాకా ఆగక తప్పదు.

విద్యుత్తు, వంట

ట్రైలర్లలో విద్యుత్తు ఏర్పాటు రెండు రకాలు. 30 ఆంపియర్ల రకానికి 3,600 వాట్లు, 50 ఆంపియర్ల రకానికి 12,000 వాట్ల వరకు అందుతాయి. మొదటి రకంలో ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్, రైస్ కుక్కర్ ఒకేసారి వేస్తే విద్యుత్తు తెగిపోతుంది. ఒకదాని తరువాత ఒకటి వాడుకోవాలి. టెక్సాస్, ఆరిజోనా వంటి ఎండ ప్రాంతాలలో ముప్ఫై అడుగుల ట్రైలర్‌కు ఒక్క ఏసీ చాలక, చివరన ఉన్న పిల్లల బంకులే ఉడికిపోతాయి. అటువంటి చోట రెండో ఏసీకి వీలున్న 50 ఆంపియర్ల రకం చూడాలి. ఇక్కడి నుంచి తీసుకువెళ్లే 230 వోల్టుల మిక్సీ అక్కడి 120 వోల్టులపై సరిగా పని చేయదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఎండుమిర్చి పోపు వేస్తే పొగ హెచ్చరిక యంత్రం మోగడం తెలుగు ఇళ్లలో మామూలే. చిన్న ట్రైలర్‌లో ఇది మరీ ఎక్కువ. అలా అని దాని బ్యాటరీ తీసివేయడం ప్రమాదకరం. పోపులు, వేపుళ్లు బయట పొయ్యిపై చేసుకోవడం, లోపల గాలిపంకా వేసి కిటికీ తెరవడం మార్గాలు. పొగ, వంటగ్యాస్, కార్బన్ మోనాక్సైడ్ హెచ్చరిక యంత్రాలు మూడూ పని చేస్తున్నాయో లేదో ప్రతి ప్రయాణానికి ముందు నొక్కి చూడాలి. వీటికి గడువు తేదీ ఉంటుంది. పాత ట్రైలర్ కొన్నవారు ముందుగా మార్చవలసినవి ఇవే. చలిగా ఉందని గ్యాస్ పొయ్యి వెలిగించి పడుకోరాదు.

పొడవు పెరిగితే చోటు తగ్గుతుంది

పెద్దది కొంటే సుఖమనుకోవడం సహజం. అయితే జాతీయ పార్కులలోని పాత విడిది స్థలాలు చిన్న బండ్ల కాలంలో ఏర్పడినవి. అనేక చోట్ల పొడవుపై పరిమితి ఉంది. మోంటానాలోని గ్లేసియర్ పార్కులో ప్రఖ్యాతి గాంచిన కొండ రహదారిపై ఒక హద్దు దాటాక 21 అడుగులకు మించిన వాహనాలను అనుమతించరు. ట్రైలర్‌ను విడిదిలో వదిలి కారులో వెళ్లవలసిందే. ట్రైలర్ పేరులోని అంకె చాలాసార్లు లోపలి భాగానికే వర్తిస్తుంది. ముందు కొక్కంతో కలిపి అసలు పొడవు మూడు నాలుగు అడుగులు ఎక్కువ ఉంటుంది. స్థలం ముందుగా కేటాయించుకునేటప్పుడు ఈ పూర్తి పొడవే చెప్పాలి.

ధర ఒక్కటే కాదు

సాధారణ రకం కొత్త బంక్‌హౌస్‌లు సుమారు 20 వేల నుంచి 45 వేల డాలర్ల మధ్య లభిస్తాయి. పదిహేను, ఇరవై ఏళ్ల వాయిదాలు ఇస్తామనగానే నెలకు చెల్లించేది తక్కువగా కనిపిస్తుంది. ట్రైలర్ విలువ మాత్రం మొదటి ఏళ్లలోనే గణనీయంగా పడిపోతుంది. ఎనిమిదో ఏట అమ్ముదామంటే వచ్చే ధర కన్నా మిగిలిన అప్పే ఎక్కువ కావచ్చు. బీమా, టైర్లు, మరమ్మతులకు తోడు నిలిపే చోటుకు అద్దె కూడా ఉంటుంది. అనేక కాలనీలలో ఇంటి ముందు ట్రైలర్ నిలపడాన్ని నివాసుల సంఘాలు ఒప్పుకోవు.

పాతది కొనేవారు నీటి జాడ కోసం వెతకాలి. కప్పు అతుకులు, కిటికీ మూలలు, బంకుల కింద నేల నొక్కి చూడాలి. మెత్తగా దిగితే లోపల చెక్క కుళ్లినట్లే. పరుపులు ఎత్తి వాసన చూడాలి. టైరు పక్కన ముద్రించిన చివరి నాలుగు అంకెలు అది తయారైన వారం, సంవత్సరం తెలుపుతాయి. 2321 అంటే 2021లో 23వ వారం. పైకి కొత్తగా కనిపించినా ఐదారేళ్లు దాటిన టైర్లు మార్చుకోవాలి. తనిఖీకి స్వతంత్ర నిపుణులు దొరుకుతారు. వారికిచ్చే రుసుము వృథా కాదు.

అన్నింటికన్నా తేలికైన మార్గం ముందుగా అద్దెకు తీసుకోవడం. ఔట్‌డోర్సీ, ఆర్‌వీషేర్ వంటి సంస్థల ద్వారా యజమానుల నుంచే ట్రైలర్లు అద్దెకు లభిస్తాయి. కొన్నిచోట్ల యజమానే తెచ్చి విడిదిలో నిలిపి వెళతారు. లాగే వాహనం లేకపోయినా ఫరవాలేదు. మూడు రాత్రులు గడిపితే పిల్లలు బంకుల్లో పడుకుంటారో లేదో, పెద్దవారికి మెట్లు కుదురుతాయో లేదో, మురుగు తొట్టె ఖాళీ చేసే పని ఇంట్లో ఎవరు చేస్తారో తేలిపోతుంది.

కొనే ముందు ఇవి చేయండి

* లాగే వాహనం తలుపు అంచున ఉన్న చీటీని ఫొటో తీసి దగ్గర ఉంచుకోవాలి.
* ప్రయాణించే అందరి బరువు, పిల్లల సీట్లు, కొక్కం బరువు కాగితంపై కూడాలి.
* ట్రైలర్ గరిష్ఠ బరువులో 12 నుంచి 15 శాతం ఆ లెక్కకు కలపాలి.
* గోడ లోపలికి జరిపించి మరుగుదొడ్డి వరకు నడిచి చూడాలి.
* కుటుంబం మొత్తం పడకలపై పది నిమిషాలు పడుకుని చూడాలి.
* నీరు, గ్యాస్, విద్యుత్తు అన్నీ నడిపించి చూసిన తరువాతే సంతకం చేయాలి.

విశ్రాంత ఉపాధ్యాయుని కుమారుడు చివరకు పెద్ద ట్రైలర్ ఆలోచన మానుకున్నారు. వెడల్పు బంకులున్న చిన్న ట్రైలర్‌ను మూడు రోజులకు అద్దెకు తీసుకున్నారు. కింది బంకులో నానమ్మ పక్కన మనుమరాలు పడుకుందని, తెల్లవారుజామున సరస్సు ఒడ్డున కాఫీ కాచుకున్నామని ఆ పెద్దాయన చెప్పారు. అమెరికాకు పయనమయ్యే తల్లిదండ్రులు ఈసారి ఫోనులో మాట్లాడేటప్పుడు, ‘ట్రైలర్‌లో పడకలెన్ని’ అని కాక ‘బాబూ, మీ బండి తలుపు మీద చీటీ చూశావా’ అని అడిగితే మేలు.